గుమ్మం మీద గీతలు దగ్గర పడుతున్నాయి

గుంటూరు జిల్లా నుంచి ఒక టీచరమ్మ ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతారు. ఒక్కతే పాప, మొన్ననే మూడేళ్లు నిండాయి. పాప ఎత్తులన్నీ ఉత్తరంలో వరసగా రాశారు: పుట్టినప్పుడు 48.5 సెంటీమీటర్లు, మొదటి పుట్టినరోజుకి 72.5, రెండో పుట్టినరోజుకి 83.5, ఇప్పుడు 92. ఈ ఎత్తుల గీతలు వంటింటి గుమ్మం మీద పెన్సిల్‌తో గీసి ఉన్నాయట. మొదటి రెండు కొలతలూ ఆస్పత్రిలో పడుకోబెట్టి తీసినవి. తర్వాత రెండూ ఇంట్లో నిలబెట్టి, బట్టలు కుట్టే టేపుతో తీసినవి.

ఇంట్లో గొడవ ఆ గీతల దగ్గరే మొదలైంది. మొదటి ఏడు 24 సెంటీమీటర్లు, రెండో ఏడు 11, మూడో ఏడు 8.5. "మొదటేడు చెట్టులా ఎదిగిన పిల్ల ఇప్పుడు ఎదగటం మానేసింది. అమ్మ బడికి పోతే పిల్ల తిండి ఎవరు చూస్తారు?" అని అత్తగారు వచ్చిన వాళ్లందరికీ గుమ్మం చూపించి చెబుతున్నారు. ఆడపడుచు కూతురు కూడా ఈ వయసుదే, 96 సెంటీమీటర్లు ఉంది. భర్త ఏమీ అనకుండా పిల్లలు ఎత్తు పెరిగే పొడి అని ఒక డబ్బా తెచ్చి పెట్టారు.

ఇంతలో అమెరికాలో ఉన్న అన్నయ్య కూతురు ఆల్జీబ్రా హోంవర్క్‌లో సాయం అడిగింది. పుట్టినప్పటి నుంచి ఐదేళ్ల లోపు ఆడపిల్లల మధ్యగత ఎత్తుకి, అంటే ఎత్తు వరసలో సరిగ్గా మధ్యన నిలబడే పిల్ల ఎత్తుకి, అందులో ఒక సూత్రం ఇచ్చారు. ఎత్తు = 3.1 × √నెలలు + 19, ఎత్తు అంగుళాల్లో. మేనకోడలికి లెక్క చెప్పి ఫోన్ పెట్టేశాక, ఆ రాత్రి ఈవిడ తన పాప ఎత్తుని అదే సూత్రంలో వేశారు. 92 సెంటీమీటర్లంటే 36.2 అంగుళాలు. 19 తీసేస్తే 17.2. దాన్ని 3.1తో భాగిస్తే 5.55. ఇరువైపులా వర్గం చేస్తే సుమారు 31 నెలలు. పాప వయసేమో 36 నెలలు. "నా చేత్తో నేనే లెక్క కట్టి, నా బిడ్డ ఐదు నెలలు వెనకబడిందని రుజువు చేసుకున్నాను. ఆ రోజు నుంచి నిద్ర లేదు. ఉద్యోగం మానేయాలా? డాక్టరు దగ్గరికి పరిగెత్తాలా? ఈ లెక్క మా పదో తరగతి పిల్లలకి చెబుదామని ఎంతో సంబరపడ్డాను, ఇప్పుడు చెప్పబుద్ధి కావటం లేదు" అని ముగించారు.

అమ్మా,

మీరు చేసిన లెక్క నేను కాగితం మీద రెండు సార్లు వేసి చూశాను. తీసివేతలూ భాగహారాలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ముప్పై ఒకటే వస్తుంది. తప్పంతా ఆ ముప్పై ఒకటిని మీరు చదువుకున్న తీరులో ఉంది. నేను డాక్టర్ని కాను, మీలాగే ఏళ్ల తరబడి సుద్దముక్క పట్టుకున్నదాన్ని. కాబట్టి పాప ఒంటి సంగతి డాక్టరుకి వదిలేసి, లెక్క సంగతి మీతో వివరంగా మాట్లాడతాను.

ముందు అత్తగారి మాట తీసుకుందాం. ఆవిడ మనసులో ఉన్నది సరళరేఖ. మొదటేడు 24 పెరిగింది కాబట్టి ప్రతి ఏడూ 24 పెరగాలి. అలా పెరిగితే మీ పాప పదేళ్లకి 288 సెంటీమీటర్లుంటుంది, తొమ్మిదడుగుల పైమాటే. ఏ బిడ్డా అలా పెరగదు. మరి ఎలా పెరుగుతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన పట్టిక నా ముందుంది. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా, ఈ ఆరు దేశాల్లో తల్లిపాలు తాగుతూ మంచి వాతావరణంలో పెరిగిన ఆరోగ్యవంతులైన పిల్లల్ని కొలిచి తయారు చేసింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. ఆడపిల్లల మధ్యగత ఎత్తుల్ని అన్ని నెలలకీ కాకుండా వర్గసంఖ్యలైన నెలలకి మాత్రమే తీసి రాస్తున్నాను, చూడండి. 1వ నెలకి 53.7 సెంటీమీటర్లు. 4వ నెలకి 62.1. 9వ నెలకి 70.1. 16వ నెలకి 78.6. 25వ నెలకి 86.6. 36వ నెలకి 95.1. 49వ నెలకి 103.3.

పక్కపక్క అంకెల తేడాలు తీయండి. 8.4, 8.0, 8.5, 8.0, 8.5, 8.2. ప్రతి మెట్టుకీ ఎనిమిది, ఎనిమిదిన్నర. ఇక ఆ మెట్లు ఎక్కడానికి పట్టిన నెలలు చూడండి: 3, 5, 7, 9, 11, 13. అవే ఎనిమిది సెంటీమీటర్లకి మొదట మూడు నెలలు చాలాయి, మూడేళ్లు దాటాక పదమూడు నెలలు కావాలి. నెలల్ని నెలలుగా కొలిస్తే పెరుగుదల పడిపోతున్నట్టు కనిపిస్తుంది. అదే నెలల వర్గమూలంతో కొలిస్తే, మొదటి నెల ఒక్కటి పక్కన పెడితే, బిడ్డ ఒకే నడకన పెరుగుతోంది. మీ ఇంటి గుమ్మం మీద గీతలు దగ్గర పడటం ఆరోగ్యంగా ఎదిగే ప్రతి బిడ్డ ఇంట్లోనూ జరిగేదే. ఆడపడుచు గారింట్లో కూడా గుమ్మానికి గీతలు గీసి ఉంటే అవీ దగ్గర పడే ఉంటాయి.

ఇప్పుడు మీ పాప అంకెలు. పుట్టినప్పటి 48.5 తీసేస్తే ఏడాదికి పెరిగింది 24. దాన్ని √12తో, అంటే 3.46తో భాగిస్తే 6.9. రెండేళ్లకి పెరిగింది 35, దాన్ని √24తో భాగిస్తే 7.1. మూడేళ్లకి 43.5, √36 అంటే 6, భాగిస్తే 7.25. మీ పాప సొంత సమీకరణం దాదాపుగా 48.5 + 7.2 × √నెలలు. ఆ 7.2 ఎక్కడా పడిపోలేదు. ఈ ఒక్క ముక్కని మీరు కాగితం మీద రాసి, అద్దం దగ్గర అంటించుకున్నా నేను కాదనను.

ఇక మీ నిద్ర చెడగొట్టిన ఆ 31 సంగతి. సూత్రం మధ్యగతానిది. మధ్యగతం అంటే ఏమిటో పదో తరగతికి మీరే చెబుతారు: సగం మంది పైన, సగం మంది కింద. ఆ సూత్రంలో ఎత్తు వేసి నెలలు రాబడితే లోకంలో సగం మంది ఆరోగ్యవంతులైన ఆడపిల్లలు 'వెనకబడినట్టే' తేలుతుంది. మూడేళ్ల ఆడపిల్లల మధ్యగతం 95.1 అయితే మీ పాప 92. ఆ పట్టిక ప్రకారం నూరు మంది మూడేళ్ల ఆడపిల్లల్ని ఎత్తు వరసలో నిలబెడితే సుమారు ఇరవై మంది మీ పాపకన్నా పొట్టిగా ఉంటారు. డాక్టర్లు ఎదుగుదల కుంటుపడింది అని గీసే గీత ఆ వయసుకి 87.4 దగ్గర ఉంది. మీ పాప దానికి నాలుగున్నర సెంటీమీటర్లు పైన ఉంది.

అయినా ఐదు నెలలు అనగానే గుండె ఝల్లుమంటుంది, మూడు సెంటీమీటర్లు అంటే అంత అనిపించదు. కారణం వర్గం చేయడంలోనే ఉంది. వక్రరేఖ మొదట్లో నిటారుగా లేచి, పోను పోను వాలుగా సాగుతుంది. వాలుగా ఉన్న చోట ఎత్తులో కొంచెం తేడా వచ్చినా నెలల్లో చాలా దూరం జరగాల్సి వస్తుంది. అదే మూడు సెంటీమీటర్లు తక్కువుంటే, మీ సూత్రం ప్రకారమే ఏడాది పిల్ల రెండున్నర నెలలు వెనకున్నట్టు, మూడేళ్ల పిల్ల దాదాపు నాలుగున్నర నెలలు, ఐదేళ్ల పిల్ల దాదాపు ఆరు నెలలు వెనకున్నట్టు లెక్క వస్తుంది. తేడా అంతే ఉన్నా, నెలల్లోకి మార్చే కొద్దీ పెద్దదవుతూ పోతుంది. అందుకే ఎత్తుని ఎత్తుతోనే పోల్చాలి. మీరు దాన్ని వయసులోకి మార్చారు, ఆ మార్చడంలో భయం పెరిగింది.

కొలత సంగతి కూడా చెప్పాలి. బట్టలు కుట్టే టేపు సాగుతుంది. మూడేళ్ల పిల్ల గుమ్మం దగ్గర నిలబడమంటే మడమలు ఎత్తుతుంది, గడ్డం పైకెత్తి అమ్మ ముఖం చూస్తుంది. నెత్తి మీద పిలక ఉంటే గీత పైకి పోతుంది, జుట్టుని మరీ అణిచిపెడితే పాప మెడ ముడుచుకుని గీత కిందికి పోతుంది. పొద్దున కొలిచిన ఎత్తుకీ సాయంత్రం ఎత్తుకీ కూడా కాస్త తేడా ఉంటుంది. ఒక్క సెంటీమీటరు పొరపాటు మీ సమీకరణంలో నెలన్నర అయి కూర్చుంటుంది. పైగా ఏడాది వయసు కొలత పడుకోబెట్టి తీసింది, తర్వాతవి నిలబెట్టి తీసినవి. పడుకోబెట్టి తీస్తే సుమారు 0.7 సెంటీమీటరు ఎక్కువ వస్తుంది. మీ పాప రెండో ఏడు పెరుగుదలలో అంత మేర ఊరికే తగ్గి కనిపిస్తోంది.

ఇంకో మాట. ఉత్తరం మూడో పేజీలో, ఏదో పక్కమాటలా, మీరు ఐదడుగులు, మీవారు ఐదడుగుల ఐదంగుళాలు, ఆడపడుచు భర్త ఆరడుగుల మనిషి అని రాశారు. నాకు ఉత్తరంలో ముఖ్యమైన వాక్యం అదే అనిపించింది. ఒకరికి నాయనమ్మ, ఇంకొకరికి అమ్మమ్మ ఒక్కరే అయినంత మాత్రాన ఇద్దరు పిల్లలకీ ఒకే ఎత్తు రావాలని లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. నిర్ణయం మీదే.

ఒకటి, ఏమీ చేయకుండా సరిగ్గా కొలుస్తూ ఉండటం. నెలనెలా కొలవొద్దు. ఈ వయసులో నెలకి పెరిగేది అర సెంటీమీటరు పైచిలుకు, కొలతలో వచ్చే పొరపాటు దానికన్నా పెద్దది. నెలనెలా కొలిస్తే ఒక నెల సంతోషం, ఒక నెల ఏడుపు, రెండూ అబద్ధాలే. ఆరు నెలలకోసారి చాలు. చెప్పులు, పట్టీలు తీసి, మడమలు గోడకి ఆనించి, పాప ఎదురుగా చూసేలా ఒకరు బొమ్మ పట్టుకుని నిలబడండి. ఇంకొకరు అట్టపుస్తకాన్ని గోడకి లంబంగా నెత్తి మీద ఆనించి గీత గీయాలి. మూడు సార్లు తీసి సగటు రాసుకోండి. ఈ దారిలో ఖర్చు లేదు, కానీ ఆరు నెలలు ఓపిక పట్టాలి. అత్తగారి మాటలు వింటూ ఓపిక పట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు.

రెండు, పిల్లల డాక్టరుకి చూపించడం, లేదా అంగన్‌వాడీలో ఎత్తూ బరువూ తీయించి ఎదుగుదల చార్టు మీద చుక్కలు పెట్టించడం. నన్నడిగితే ఇది ఒక్కసారి చేయండి. పాపకి ఏదో ఉందని కాదు. చార్టు మీద చుక్కలు ఒకే వంపు వెంట పోతున్నాయని మూడో మనిషి చెబితే ఇంట్లో ఆ మాటకి బరువుంటుంది. మీ దగ్గరున్న నాలుగు పాత కొలతలూ తీసుకెళ్లండి, ఒక్క చుక్క చూసి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేరు. బరువు మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, అదీ చూడాలి. వీలైతే అత్తగారిని వెంట తీసుకెళ్లండి. ఆవిడ అడగాలనుకున్నవన్నీ ఆవిడే అడగనివ్వండి. చుక్కలు ఒక వంపు నుంచి కింది వంపుకి జారుతున్నా, ఈ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు కూడా పెరగకపోయినా, బరువు ఆగిపోయినా, మాటిమాటికీ విరేచనాలు, జ్వరాలు వస్తున్నా అప్పుడు పరీక్షల మాట డాక్టరే ఎత్తుతారు. వాళ్లు అడగకుండానే మీ అంతట మీరు ఎముకల ఎక్స్‌రే, హార్మోన్ పరీక్షలు అని తిరిగితే డబ్బు పోవడమే కాదు, పాపకి సూది భయం, మీకు రిపోర్టు వచ్చే దాకా కొత్త టెన్షన్.

మూడు, ఆ పొడి డబ్బా. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల వరస చదవండి, చక్కెర ఎన్నోదో చూడండి. పొద్దున తియ్యటి పాలు గ్లాసు నిండా తాగిన పిల్ల పదింటికి ఇడ్లీ ముట్టదు. అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు తినే పిల్లకి ఆ డబ్బాతో కొత్తగా కలిగే మేలు నాకు కనిపించదు. కానీ మీవారు ఆ డబ్బా తేవడం వెనక ఉన్నది మీ మీద నింద కాకపోవచ్చు. ఏం చేయాలో తోచక తెచ్చి ఉంటారు. డబ్బా పారేసే ముందు ఆయన్ని కూర్చోబెట్టి ఈ 3, 5, 7, 9 నెలల మెట్లు చూపించండి.

నాలుగోది ఉద్యోగం మానేయడం. దీని మీద కొంచెం గట్టిగానే రాస్తాను. మీకు అలసటగా ఉండో, పాపతో గడపాలని ఉండో మానేయాలనిపిస్తే అది వేరే ఆలోచన, తప్పేం లేదు. కానీ ఆ గీతల కోసం మాత్రం మానకండి. ఎందుకంటే మీరు రోజంతా ఇంట్లో ఉండి, మూడు పూటలా దగ్గర కూర్చుని తినిపించినా, వచ్చే పుట్టినరోజుకి పాప ఆరున్నర, ఏడు సెంటీమీటర్లే పెరుగుతుంది. ఈ ఏటి ఎనిమిదిన్నర కన్నా అది తక్కువే. గుమ్మం మీద గీతలు ఇంకా దగ్గర పడతాయి. అప్పుడు "ఉద్యోగం మానేసినా ఇంతే" అంటారు. జీతం పోతుంది, నింద మాత్రం మిగిలే ఉంటుంది. మీరు బడిలో ఉన్న వేళల్లో పాప ఏం తింటోంది అన్నది మాత్రం అడగదగ్గ ప్రశ్నే. మధ్యాహ్నం తిండి బాధ్యత అత్తగారికే అప్పగించి, ఏం తిన్నదో ఆవిడనే ఒక నోటుబుక్కులో రాయమనండి. నిందించే వాళ్లకి పనిలో వాటా ఇస్తే చాలా ఇళ్లలో మాట మెత్తబడటం నేను చూశాను. కొన్ని ఇళ్లలో మెత్తబడలేదు కూడా. మీ ఇల్లు మీకు తెలుసు.

ఆఖరికి మీ పదో తరగతి. తప్పకుండా చెప్పండి. వర్గమూలాలు ఎందుకు పనికొస్తాయి అని అడిగే పిల్లలకి ఇంతకన్నా మంచి లెక్క నాకు తెలీదు. కానీ మీ పాప కొలతలు గానీ, క్లాసు పిల్లల తమ్ముళ్లూ చెల్లెళ్ల కొలతలు గానీ బోర్డు మీదికి తేవద్దు. మీరు పడ్డ బాధే ఇంకో ఇంట్లో మొదలవుతుంది. పైన రాసిన మధ్యగతాలు ఇవ్వండి. ముందు నెలలకీ ఎత్తుకీ గ్రాఫ్ గీయమనండి, వంపు వస్తుంది. తర్వాత అడ్డంగా నెలల బదులు వాటి వర్గమూలాలు వేయమనండి. చుక్కలన్నీ దాదాపు ఒకే గీత మీదికి వచ్చి నిలబడటం వాళ్ల చేతుల్లో జరగాలి, మీరు ముందే చెప్పేయకండి.

ఆ తర్వాత సూత్రాన్ని సెంటీమీటర్లలోకి మార్చి, 48.26 + 7.87 × √నెలలు, 47 సెంటీమీటర్లతో పుట్టిన బిడ్డ వయసు కనుక్కోమనండి. వర్గమూలం విలువ మైనస్ 0.16 వస్తుంది. కొందరు చూసుకోకుండా వర్గం చేసి 0.0256 నెల అని రాసేస్తారు, అంటే ఒక రోజు కూడా నిండలేదన్నమాట. ఆ జవాబుని తిరిగి సూత్రంలో వేయమనండి. 47 రాదు, 49.5 వస్తుంది. వర్గం చేసేటప్పుడు మైనస్ గుర్తు మాయమై, లేని జవాబు పుట్టుకొచ్చింది. ప్రతి జవాబునీ మొదటి సమీకరణంలో వేసి సరిచూసుకోవాలని మనం వంద సార్లు చెప్పినా ఎక్కనిది, ఆ పసిబిడ్డ లెక్కతో ఎక్కుతుంది.

సూత్రం ఎంతవరకు చెల్లుతుందో కూడా వాళ్లనే తేల్చనివ్వండి. అరవై ఏళ్లంటే 720 నెలలు. వేసి చూస్తే అరవై ఏళ్ల అమ్మమ్మ 259 సెంటీమీటర్లు, ఎనిమిదిన్నర అడుగులు! వర్గమూలం నెమ్మదిస్తుందే గానీ ఎప్పటికీ ఆగదు, మనిషి ఆగుతాడు. మధ్యలో ఇంకో సంగతి ఉంది. ఫ్రాన్సులో మాంట్‌బేయార్ అనే ఆయన 1759 నుంచి 1777 దాకా తన కొడుకుని ఇంచుమించు ఆరు నెలలకోసారి కొలిచి రాసి పెట్టాడు. పద్దెనిమిదేళ్లు! ఏటేటా పెరుగుదల తగ్గుతూ తగ్గుతూ వచ్చి, పద్నాలుగో ఏట ప్రాంతంలో ఒక్కసారిగా ఎగిసింది. అలా ఎగియడం ఏ వర్గమూలంలోనూ లేదు. అందుకే మేనకోడలి పుస్తకంలో సూత్రాన్ని ఐదేళ్ల దగ్గరే ఆపారు. వర్గమూలమే రావాలని ఒంట్లో నియమమేమీ లేదు. మొదట జోరుగా, తర్వాత నిదానంగా పెరిగే దేన్నైనా తేలిగ్గా పట్టుకునే వంపు అది, చిన్నపిల్లల ఎత్తుకి బాగా అతికింది. అందుకే మీ పాప 7.2ని కూడా జాతకంలా చూడొద్దు. మధ్యలో రెండు జ్వరాలొస్తే కొన్నాళ్లు వెనకబడి మళ్లీ అందుకోవచ్చు.

ఇంక ఆరు నెలలకి పాపకి 42 నెలలు నిండుతాయి. √42 అంటే 6.48. పాప సొంత సమీకరణం ప్రకారం 95 దగ్గర ఉండాలి. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఆ పొద్దున పిలక విప్పేసి, పట్టీలు తీసేసి, బొమ్మ పట్టుకునే పని అత్తగారికిచ్చి కొలవండి. వచ్చిన అంకె ఎంతైనా సరే నాకు రాయండి.